దిద్దుబాటు తరువాత: దాంపత్యద్రోహం, ఆందోళన, నమ్మకం – గురజాడ కథకు ఒక పునఃపఠనం

వ్యాససంగ్రహం:

గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ (1910) కథపై వచ్చిన విమర్శ ఎక్కువగా మూడు అంశాల చుట్టూ తిరిగింది: తొలి ఆధునిక కథ ఏది అనే చర్చ, వ్యావహారిక భాషా ప్రయోగం, స్త్రీవిద్య. భర్త అబద్ధాల వల్ల దెబ్బతిన్న దాంపత్యం తిరిగి కోలుకోవడం అనే కోణం నుంచి ఈ కథను చదివినప్పుడు, అందులో ఎవరి ఆందోళనకు చోటు దక్కింది, ఎవరిది కనుమరుగైంది, భర్త పశ్చాత్తాపం ఎంతవరకు నమ్మదగినది అనే ప్రశ్నలు ముందుకు వస్తాయి. అలంకారశాస్త్రంలోని నాయికాభేదాలు, ‘పారిజాతాపహరణం’, ‘చివరకు మిగిలేది’, ‘విముక్త’ రచనల నేపథ్యంలో ఆ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: దిద్దుబాటు, గురజాడ, దాంపత్యద్రోహం, ఉత్కంఠ, ఆందోళన, క్షమ, నాయికాభేదాలు, విముక్త.

1. ఉపోద్ఘాతం

1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన ‘దిద్దుబాటు’ కథావస్తువు తెలుగు విద్యార్థులందరికీ పరిచితమే. సానిపాటకు మరిగి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు. ఒక ఉత్తరం కనిపిస్తుంది. పుట్టింటికి వెళ్ళిపోతున్నానని అందులో ఉంటుంది. అతడు కుమిలిపోయి, నౌకరు రాముణ్ణి చంద్రవరం పంపి ఆమెను రప్పించే ప్రయత్నంలో ఉండగా మంచం కింది నుంచి నవ్వు వినిపిస్తుంది. కథ అక్కడ ఆగుతుంది. పాఠకుడూ నవ్వుతాడు. నూరేళ్ళకు పైగా ఈ కథను తరగతి గదుల్లో ఆ నవ్వుతోనే ముగిస్తున్నారు.

నవ్వు ఎంత హాయిగా ఉన్నా, అది ముగింపు అవుతుందా అన్నది వేరే ప్రశ్న. మంచం కింది నుంచి కమలిని బయటికి వచ్చిన తరువాత ఆ దంపతులు ఏం మాట్లాడుకున్నారో గురజాడ రాయలేదు. రాయకపోవడం కథానికా శిల్పమని మెచ్చుకోవడం సులభం. ఆ మెచ్చుకోలుతో సరిపెట్టుకోవడం వల్లనే, ‘దిద్దుబాటు’ అనే మాట తప్పు చేసినవాడికి వర్తిస్తుందా, తెగిన నమ్మకానికి వర్తిస్తుందా అనే విచికిత్స విమర్శలో తగినంతగా జరగలేదు. తప్పును దిద్దడం గంటలో అయ్యే పని కావచ్చు. నమ్మకం సంగతి అలా కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. గోపాలరావు చేసినది దాంపత్యద్రోహమేనా? అతడు పాట విన్నాడు, ఆట చూశాడు. అంతకు మించి కథ ఏమీ చెప్పదు. పైగా అతడు తనను తాను ‘యాంటినాచి’గా భావించుకొన్నవాడు, తన మనసు అటు లగ్నం కావడాన్ని చూసి తానే విస్తుపోతున్నవాడు. కాని ద్రోహం ఎక్కడ మొదలవుతుందనే దానికి ఈ కథలో ప్రమాణం కమలిని ఉత్తరమే. ఆ ఉత్తరంలో సాని ప్రస్తావన లేదు. ఆమె ఫిర్యాదు అబద్ధం మీద.

2. పది రాత్రులు

ఉత్తరం ప్రకారం పది రోజులుగా రాత్రుళ్ళు భర్త దర్శనం ఆమెకు దొరకలేదు. సభలకు వెళుతున్నానని, లోకహితం కోసం నిద్ర మానుకొని పాటుపడుతున్నానని అతడు చెప్పాడు. ఆమె నమ్మింది. తరువాత చెలుల వల్ల నిజం తెలిసింది. కథ మొత్తంలో కమలిని అనుభవానికి దక్కిన చోటు ఇంతే. మిగతా కథంతా ఒక్క రాత్రి ఒంటిగంట తరువాత గోపాలరావు పడిన గాభరాకు, రాముడితో అతడి సంభాషణకు కేటాయించబడింది. పది రాత్రుల నిరీక్షణకు కొన్ని పంక్తులు, కొద్దిసేపటి కలవరానికి ఒక కథ. ఈ నిష్పత్తిని లోపంగా చూడాలా, వ్యూహంగా చూడాలా?

వ్యూహమనే వాదనకు బలం ఉంది. గోపాలరావు అనుభవిస్తున్నది నిజానికి కమలిని అనుభవపు సంక్షిప్త ప్రతి. ఇంట్లో ఉండవలసిన మనిషి లేరు, ఎక్కడున్నారో తెలియదు, ఊహ పరిపరివిధాల పోతుంది, నౌకరును అడిగితే సమాధానం పొంతన లేకుండా వస్తుంది. పది రాత్రులు ఆమె మీద గడిచినది అతడి మీద ఒక్క రాత్రిలో గడిచేటట్లు చేయడమే కమలిని పథకం. అందులో పగ కన్నా బోధ ఎక్కువ. చెబితే తెలియని దానిని అనుభవంలోకి తేవడం ఆ బోధ పద్ధతి.

అయితే నిరీక్షణలోని పునరావృత్తి ఒక్క రాత్రిలో ఇమడదు. ఒకసారి కలిగిన భయం వేరు, రోజూ దీపాలు పెట్టే వేళకు మొదలై తలుపు చప్పుడు దాకా సాగే భయం వేరు. ఈ రెండో దానికి తెలుగులో మంచి మాటలున్నాయి. దిగులు, గుబులు, బెంగ అనేవి పర్యాయపదాలుగా కనిపించినా వాడుకలో వాటి మధ్య తేడా ఉంది. బెంగకు సాధారణంగా ఒక మనిషి ఉంటారు, ఫలానావారి మీద బెంగ పెట్టుకొంటారు. గుబులుకు అంత స్పష్టమైన లక్ష్యం అక్కర్లేదు, కారణం పోయినా అది మిగలగలదు. చెలులు నిజం చెప్పిన నాటి నుంచి కమలిని బెంగ గుబులుగా మారి ఉండాలి. ఎందుకంటే ఆనాటి నుంచి రాని భర్తను గురించే గాక, వచ్చిన భర్త చెప్పే మాటను గురించి కూడా ఆమె ఆలోచించవలసి వచ్చింది. గురజాడ దీనిని చూపలేదు. ఆ దిగులు ఉత్తరం రాసే నాటికి ఎంత ముదిరిందో సూచించడానికి మాత్రం ఒక ఆనవాలు వదిలాడు: భాష.

కథనమూ సంభాషణలూ వాడుకభాష వైపు మొగ్గగా, కమలిని ఉత్తరం గ్రాంథికంలో ఉంది. సంబోధన ‘ప్రియా’ నుంచి ‘అయ్యా’కు మారింది. గోపాలరావుకు మొదట గుచ్చుకొన్నదీ అదే. ప్రియ పోయిందని అతడు వాపోతుంటే రాముడు పెయ్య పోయిందనుకొని పరామర్శించడంలోని హాస్యం ప్రసిద్ధమే. ఆ హాస్యపు సందడిలో ఉత్తరపు భాషను పట్టించుకొన్నవారు తక్కువ. వాడుకభాషకు పట్టుగొమ్మ అయిన రచయిత తన కథానాయిక చేతికి గ్రాంథికాన్ని ఎందుకిచ్చాడు? చదువుకొన్న స్త్రీ ఉత్తరం ఆ కాలంలో అలాగే ఉంటుందనేది ఒక జవాబు. మరొకటి కూడా సాధ్యమే: మనసు విప్పి మాట్లాడే చనువు తెగిపోయినప్పుడు మనిషి మర్యాదలోకి తప్పుకొంటుంది. సంతోషించమని ఆమె కోరిన తీరులో ఆ మర్యాద ఎంత చల్లగా ఉందో గమనించవచ్చు. ఇంట్లో మాట్లాడే మాటతో ఆ ఉత్తరం రాసి ఉంటే ఏడుపు వినిపించేది.

3. ఉత్కంఠకు పాత చిరునామా

రాత్రంతా ఎదురుచూసే స్త్రీ తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. భరతుడి నుంచి వచ్చిన అష్టవిధ నాయికల్లో విరహోత్కంఠిత, ఖండిత, విప్రలబ్ధ, కలహాంతరిత అనే నలుగురూ ఏదో ఒక విధంగా నాయకుడి ఆలస్యం చుట్టూ, అన్యాసక్తి చుట్టూ నిర్వచించబడినవారే. ‘ఉత్కంఠ’ అనే మాట ఆ నిర్వచనంలోనే ఉంది. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడి కోసం వేచి ఉండటం, అతడి మీద అలగడం, మళ్ళీ కూడటం ఒక నిరంతర చక్రం. గురజాడ తన నాయకుడికి గోపాలరావు అని పేరు పెట్టడం కాకతాళీయమే కావచ్చు. అయినా ఆ పేరు విన్న చెవికి పాత పదాలు గుర్తుకు రాక మానవు.

ఆ సంప్రదాయం ఉత్కంఠను శృంగార రసానికి అంగంగా స్వీకరించింది. స్త్రీ నిద్రలేమి, చిక్కిపోవడం, మాట తడబడటం ఆస్వాద్యాలయ్యాయి. బాధ ఉందని ఒప్పుకోవడంలో శాస్త్రానికి లోటు లేదు. ఆ బాధకు కారణమైన వాడిని జవాబు అడిగే ఏర్పాటు మాత్రం అందులో లేదు. ఖండిత నాయిక నిష్ఠూరమాడవచ్చు. ఆ నిష్ఠూరం కూడా శృంగారంలో భాగమే. నాయకుడు దక్షిణుడో శఠుడో అవుతాడు, అంతకు మించి ఏమీ కాడు.

నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ అలక ఈ సంప్రదాయపు శిఖరం. నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడన్న వార్త చెలికత్తె ద్వారానే సత్యకు చేరుతుంది. కమలినికి చెలుల ద్వారా చేరినట్లే. కృష్ణుడు వచ్చి బతిమాలతాడు, పాదాలకు మొక్కుతాడు, ఆమె పాదం అతడి శిరస్సును తాకుతుంది. ఆపైన పువ్వుకు బదులు చెట్టునే తెస్తానని మాట ఇచ్చి తెస్తాడు. ఐదాశ్వాసాల ఈ ప్రబంధంలో సయోధ్యకు సాధనాలు రెండు: ప్రణామం, కానుక. నిజం అనే మూడో సాధనానికి అక్కడ పని లేదు. ఎందుకంటే కృష్ణుడు ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు, దాచవలసిన అవసరం బహుభార్యుడికి లేదు. సత్యభామ గాయం ప్రాధాన్యానికి సంబంధించినది. కమలినిది సత్యానికి సంబంధించినది. తెలుగు సాహిత్యంలో దాంపత్యం గురించిన ఊహ ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పమంటే, ఈ తేడా దగ్గర చూపించవచ్చు.

ఈ మలుపుకు కొద్ది ముందు అడుగు బండారు అచ్చమాంబ వేసిన సంగతి ఇక్కడ స్మరణీయం. 1902లో ‘హిందూసుందరి’లో వచ్చిన ‘ధనత్రయోదశి’లో భర్త దొంగిలించి తెచ్చిన సొమ్మును భార్య నిరాకరిస్తుంది. అక్కడ దిద్దబడినది ధనవిషయమైన తప్పు. దాంపత్యంలోని సత్యాన్నే వస్తువు చేయడం గురజాడ వంతయింది.

4. రెండు రూపాయలు

ఇప్పుడు గోపాలరావు పశ్చాత్తాపాన్ని దగ్గరగా చూడాలి. అది నిజాయితీ లేనిదని ఎవరూ అనలేరు. తాను పశువునని ఒకటికి రెండుసార్లు అంటాడు. భార్య గుణాలను కీర్తిస్తాడు. చదువుకొన్న స్త్రీ సృష్టిలోకెల్లా ఉత్కృష్టమైనదని, శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చాడని, ఇంగ్లీషువాళ్ళు భార్యను భర్త కన్నా మెరుగైన సగంగా చెబుతారని రాముడికి ఉపన్యాసమిస్తాడు. ఈ ఉపన్యాసాన్ని స్త్రీవిద్యపై గురజాడ అభిప్రాయంగా ఉటంకించడం పరిపాటి. అయితే అది ఎవరి నోట, ఏ సమయంలో వస్తున్నదో మరచిపోరాదు. పది రోజులు సభల పేరుతో అబద్ధమాడినవాడు ఇప్పుడు ఇంట్లోనే సభ పెట్టాడు. రాముడు నవ్వు ఆపుకోలేకపోవడంలో అర్థముంది.

కథ ప్రారంభానికి ఒకసారి తిరిగి వెళితే మరో విషయం బయటపడుతుంది. తలుపు తట్టకముందే గోపాలరావు రేపటి నుంచి వెళ్ళకూడదని నిశ్చయించుకొన్నాడు. అంటే సంస్కారం అప్పటికే మొదలైంది. దానితో పాటు అతడు కోరుకొన్నదేమిటి? గట్టిగా పిలిస్తే కమలిని లేస్తుందని, రాముణ్ణి మెల్లగా లేపి చప్పుడు చేయకుండా పక్క చేరి పెద్దమనిషిలా పడుకోవచ్చని. తప్పు మానుకోవాలి, కాని తప్పు జరిగినట్లు తెలియకూడదు. ఈ రకమైన దిద్దుబాటు దాంపత్యాల్లో అత్యంత సాధారణమైనది, అత్యంత ఆకర్షణీయమైనది కూడా. కమలిని అడ్డుకొన్నది సరిగ్గా దీనినే. అతడు రేపటి నుంచి మానేసినా, జరిగిన పది రాత్రులు అబద్ధంగానే మిగిలిపోయేవి. ఆమెకు తెలుసునన్న సంగతి అతడికి తెలియదు. ఆమె తెలియనట్లే ఉండవలసి వచ్చేది. దీర్ఘకాలపు ఆందోళన పుట్టేది ఇటువంటి ఏర్పాట్లలోనే.

మరి ఉత్తరం చదివి కుమిలిన తరువాత అతడు మారాడా? రాముడికి అప్పగించిన రాయబారం పరిశీలిస్తే సందేహం కలుగుతుంది. ఆ రాత్రి కంగారులో అతడు రాముణ్ణి కొట్టాడు. (ఈ కథలో శరీరానికి దెబ్బ తగిలిన ఒకే ఒక మనిషి నౌకరు. యజమానుల దాంపత్య సంక్షోభానికి మొదటి మూల్యం పనివాడు చెల్లించడం మీద విమర్శ ఇంతకన్న నిలవవలసి ఉంది.) ఇప్పుడు దెబ్బలకు పరిహారంగా రెండు రూపాయలు ఇస్తానంటాడు, షరతు మీద: ఆ ఊసు మళ్ళీ ఎత్తకూడదు, ముఖ్యంగా కమలినితో అనకూడదు. తన తప్పులు కాయమని, లోపాలు బయటపెట్టవద్దని, ఆమె తల్లిదండ్రులకు తెలియనీయవద్దని కూడా చెప్పి పంపుతాడు. ఇక ఎన్నడూ సానుల పాట వినడట, రాత్రిళ్ళు ఇల్లు కదలడట, ఆమె లేని రోజు యుగంలా గడుస్తున్నదట. ఆమె వెళ్ళి నిజానికి ఒక రోజు కూడా కాలేదు. ఇంత ఆత్రుత ఉన్నవాడు స్వయంగా వెళతాడా అంటే, నాలుగు రోజుల దాకా ఊరు కదలడానికి వీల్లేదట.

అబద్ధానికి పశ్చాత్తాపపడుతున్న క్షణంలోనే అతడు ఇంకో విషయాన్ని దాచడానికి సొమ్ము కడుతున్నాడు. ఈ వైరుధ్యాన్ని గురజాడ గమనించకుండా రాశాడనుకోవడం కష్టం. తుడిచివేతల మధ్య, తడబాట్ల మధ్య సాగే ఆ సందేశంలో ఏది ప్రేమో ఏది పరువు భయమో విడదీయలేని విధంగా అల్లాడు.

దాంపత్యద్రోహం తరువాతి కోలుకోలు గురించి ఇటీవలి మనస్తత్వశాస్త్రం చెప్పే కొన్ని మాటలు ఇక్కడ ఉపకరిస్తాయి. క్రిస్టినా గార్డన్, డొనాల్డ్ బాకమ్, డగ్లస్ స్నైడర్ అనే అమెరికన్ పరిశోధకులు ద్రోహాన్ని మనుషుల మధ్య కలిగే తీవ్రాఘాతంగా పరిగణించి, కోలుకోవడంలో మూడు దశలను గుర్తించారు: దెబ్బను తట్టుకోవడం, జరిగినదానికి అర్థం వెతుక్కోవడం, ఆ అర్థం ఆధారంగా ముందుకు సాగడం. మోసపోయిన వ్యక్తిలో అతిజాగరూకత, పదే పదే అదే తలంపుకు రావడం వంటి లక్షణాలు కనిపిస్తాయని, వాటిని అసూయగా కొట్టిపారేయరాదని వారు చెబుతారు. షర్లీ గ్లాస్ 2003 నాటి గ్రంథంలో గోడలు, కిటికీలు అనే ఉపమానం వాడింది. ద్రోహంలో భార్యాభర్తల మధ్య గోడ లేస్తుంది, బయటి వ్యక్తి వైపు కిటికీ తెరుచుకొంటుంది. బాగుపడటమంటే వాటిని తారుమారు చేయడమే. 1910 నాటి కథను ఈ కొలతలతో కొలిచి మార్కులు వేయడం అనుచితం. అయితే రెండో దశ, అంటే కూర్చొని మాట్లాడుకొని అర్థం వెతుక్కొనే దశ, ‘దిద్దుబాటు’లో పూర్తిగా లోపించినదని చెప్పుకోవడానికి ఆ పదజాలం అవసరమైంది. గోపాలరావు మాట్లాడినదంతా రాముడితో. కమలిని మాట్లాడినదంతా కాగితంతో. కథలో దంపతులిద్దరి మధ్య ఒక్క సంభాషణ లేదు.

ఆ లోపాన్ని పూడుస్తున్నది మంచం. కమలిని దాని కిందే ఉన్నది కనుక అన్నీ విన్నది: పొగడ్త, ఏడుపు, ప్రమాణం, రెండు రూపాయల బేరం, తల్లిదండ్రులకు తెలియనీయవద్దనే వేడుకోలు. గోపాలరావు తలచుకొని తెరిచిన కిటికీ కాదది. తెలియకుండా తెరుచుకొన్నది. భర్త తన పరోక్షంలో ఏం మాట్లాడతాడో తెలుసుకొనే అవకాశం, అనుమానంతో నలిగినవారందరూ కోరుకొనేది, ఎవరికో గాని దక్కనిది. కనుక చివరి నవ్వును కేవలం క్షమగా చదవడం తొందరపాటు. భర్త పశ్చాత్తాపంలో గట్టి ఎంతో తాలు ఎంతో తెలుసుకొన్న మనిషి నవ్వు అది. ఆమె క్షమిస్తే తెలిసి క్షమిస్తున్నది.

5. రాముడి రాజీసూత్రం

రాముడు అప్పగించిన మాటలను యథాతథంగా మోసే రకం కాదు. తనకు తోచిన సందేశం వేరే ఉందని చెప్పి వినిపిస్తాడు. ఆడవాళ్ళు అదుపాజ్ఞల్లో ఉండాలని, లేకుంటే పెద్ద పంతులులాగే చిన్న పంతులు కూడా సానిని ఉంచుకొంటాడని, పట్నంలోకి బంగారు బొమ్మలాంటి సాని వచ్చిందని, పంతులు మనసు మనసులో లేదని దాని సారాంశం. గోపాలరావు కోపంతో కుర్చీలోంచి లేస్తాడు.

కోపం ఎందుకు వచ్చింది? రాముడు అసభ్యంగా మాట్లాడాడనా, నిజం మాట్లాడాడనా? పెద్ద పంతులు ప్రస్తావన ఆ ఇంటి చరిత్రను ఒక్క మాటలో బయటపెట్టింది. తాతలనాటి నౌకరు కనుక రాముడికి అది తెలుసు. ఆ ఇంట్లో గోపాలరావు తల్లి కూడా ఎదురుచూసి ఉండాలి. ఆమెకు ఉత్తరం రాసే చదువు లేదు కావచ్చు, మంచం కింద దాగే ధైర్యం రాలేదు కావచ్చు. రాముడు చెప్పిన సూత్రం ఆమె కాలంలో అమలైన సూత్రమే: భార్య భయపడి తిరిగి రావాలి, భయపడి సర్దుకోవాలి. సయోధ్య అప్పుడూ కుదిరేది. దానికి ఇంధనం స్త్రీ ఆందోళన. కమలిని చేసినదాని కొత్తదనం, ఆ ఆందోళనను ఒక రాత్రికైనా అవతలి వైపుకు బదలాయించడంలో ఉంది.

చట్టం కూడా ఆమె పక్షాన లేని కాలమది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ వివాహేతర సంబంధంలో నేరాన్ని చూసినప్పుడు అన్యాయానికి గురైనవాడిగా ఆ స్త్రీ భర్తనే గుర్తించింది. భర్త వల్ల మోసపోయిన భార్య దాని దృష్టిలో ఎవరూ కాదు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసే దాకా ఆ సెక్షన్ నిలిచి ఉంది. రఘుపతి వెంకటరత్నం నాయుడు వంటివారు నడిపిన నాచ్ వ్యతిరేకోద్యమం ఒక్కటే కమలిని వంటి స్త్రీకి లభించిన బహిరంగ సమర్థన. ఆ ఉద్యమం పేరు మోసుకొని తిరిగినవాడే ఆమె భర్త. ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు (1909)లో మధురవాణికి అన్ని మాటలిచ్చిన గురజాడ, మరుసటి ఏడాది ఈ కథలో సానికి పేరైనా ఇవ్వలేదు. కథ పరిధి అంత చిన్నదని సమర్థించవచ్చు. లోటు లోటే.

6. మాట్లాడుకోని ఇళ్ళు, రాళ్ళయిన స్త్రీలు

పెద్ద పంతులు ఇంటి మౌనం పిల్లల మీద ఏం చేస్తుందనే ప్రశ్నను గురజాడ తాకి వదిలేశాడు. 1946-47లో ధారావాహికగా వచ్చిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ దానిని తల్లి వైపు నుంచి ఎత్తుకొన్నది. తల్లి శీలం గురించిన ఊరి మాటలు దయానిధిని చదువులో, ప్రేమలో, పెళ్ళిలో వెంటాడతాయి. అతడు కోస్తా వదిలి రాయలసీమ చేరినా అవి వదలవు. ఇక్కడ జరిగినదేమిటో తేల్చి చెప్పే మనిషి లేదు. తల్లి తన మాట తాను చెప్పుకోదు. తండ్రి అడగడు. అపవాదు నిజమో కాదో తెలియని స్థితే దయానిధి రోగం. స్త్రీలను అతడు ఇష్టపడతాడు, దగ్గరైన మరుక్షణం తప్పుకొంటాడు. తెలుగు నవలలో దీర్ఘకాలిక ఆందోళనకు ఇంత ఓపికతో చేసిన చిత్రణ అరుదు. దాని మూలం ద్రోహంలో కన్నా, ద్రోహం గురించి ఎవరూ నోరు విప్పకపోవడంలో ఉందని ఈ వ్యాసం భావిస్తుంది. కమలిని ఉత్తరం లాంటి ఉత్తరం ఒకటి ఆ ఇంట్లో ఎవరైనా రాసి ఉంటే నవల ఉండేది కాదు.

అయితే ఉత్తరం రాయగలగడం, నవ్వగలగడం తప్పు ఎవరిదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. వేలు భార్య వైపు చూపినప్పుడు కథలు వేరుగా నడుస్తాయి. ఓల్గా ‘విముక్త’ సంపుటి (2015 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందినది)లోని ‘మృణ్మయనాదం’లో అహల్య సీతతో మాట్లాడుతుంది. వచ్చినవాడు ఇంద్రుడని ఆమెకు తెలుసా తెలియదా అన్నది యుగాలుగా అందరూ వేసిన ప్రశ్న. ఓల్గా అహల్య ఆ ప్రశ్నకు జవాబివ్వడానికి నిరాకరిస్తుంది. సత్యాసత్యాలు తేల్చే అధికారం ఎవరిదని ఎదురు ప్రశ్నిస్తుంది. విచారణకు ఎన్నడూ ఒప్పుకోవద్దని సీతను హెచ్చరిస్తుంది.

ఈ కథను ‘దిద్దుబాటు’ పక్కన ఉంచితే ఒక చిక్కు ఎదురవుతుంది. కమలిని విషయంలో నిజం చెప్పడమే సయోధ్యకు పునాది అనుకొన్నాం. అహల్య విషయంలో నిజం అడగడమే హింస అంటున్నాం. రెండూ సరైనవి కాగలవా? కాగలవనే అనిపిస్తుంది, అడిగే స్థానం వేరు కనుక. కమలిని తోటి మనిషిగా అడిగింది. సమాధానం నచ్చకపోతే తాను తప్పుకొంటానన్నదే గాని అతణ్ణి శపిస్తాననలేదు, శపించే శక్తి ఆమెకు లేదు కూడా. గౌతముడు యజమానిగా, న్యాయమూర్తిగా అడిగాడు. జవాబుతో నిమిత్తం లేకుండా శిక్ష చేతిలో సిద్ధంగా ఉంది. శిక్షాధికారం ఉన్నవాడి ముందు చెప్పిన నిజం ఒప్పుకోలు అవుతుంది, సంభాషణ కాదు. గోపాలరావుకు ఒక గంట గాభరాతో సరిపోయింది. అహల్యకు శిలాత్వం. రేణుక విషయంలో పరవశించిన ఒక్క క్షణానికి తల. ఈ లెక్కల తేడా తెలిసిన పాఠకురాలికి కమలిని నవ్వు అంత తేలికగా వినిపించదు.

ఆ నవ్వు కథలో రాముడు వాకిలి దాటిన క్షణానికి వినిపిస్తుంది, గాజుల సవ్వడితో కలిసి. గోపాలరావు అప్పటికి లేచి నిలబడి ఉన్నాడు. చంద్రవరం ప్రయాణం ఇక అక్కర్లేదు. రెండు రూపాయలు రాముడికి ముట్టాయో లేదో తెలియదు. దెబ్బల మాట కమలిని ఎత్తిందో లేదో తెలియదు. ఊరు కదలడానికి వీల్లేదని అతడు చెప్పిన ఆ నాలుగు రోజుల పని ఏమిటో కూడా గురజాడ చెప్పలేదు. మరుసటి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆమె దానిని గురించి అడిగి ఉండాలి.